రెండు సంస్థలు, ఒకే ఛానల్

వ్యాపార సంస్థలు తమ ఉద్యోగుల రోజువారీ మాటామంతీ కోసం స్లాక్, మైక్రోసాఫ్ట్ టీమ్స్, జోహో క్లిక్ వంటి మెసేజింగ్ సేవలను వాడడం ఇప్పుడు మామూలే గానీ, అదే సేవను సంస్థ ప్రహరీ దాటించి సరఫరాదారులు, క్లయింట్లు, ఆడిటర్లు, న్యాయవాదులు, ప్రకటనల ఏజెన్సీలు వంటి బయటి భాగస్వాములతో కలిసి వాడుకునే ఏర్పాటు గత కొన్నేళ్లలోనే రూపు దిద్దుకుంది. ఛానల్ అంటే ఒక అంశానికో ఒక ప్రాజెక్టుకో కేటాయించిన సంభాషణ వరుస. అందులోని సభ్యులు ఒకరి సందేశాలు ఒకరు చదవగలరు, ఫైళ్లు పంచుకోగలరు, పాత సంభాషణను వెదుక్కోగలరు. ఆ వరుసలో రెండు వేర్వేరు సంస్థల ఉద్యోగులు ఎవరి సంస్థ ఖాతాతో వారు ఉంటూనే కలిసి మాట్లాడుకోగలిగితే దాన్ని ఉమ్మడి ఛానల్ అంటారు. తెరవడానికి కొన్ని నిమిషాలే పడుతుంది కాబట్టి చాలా సంస్థలు దీన్ని కంప్యూటర్ విభాగం చూసుకునే చిన్న పనిగా భావిస్తాయి. వాస్తవానికి ఉమ్మడి ఛానల్ రెండు సంస్థల మధ్య కుదిరే ఒప్పందం; దాని షరతులను ముందుగా మాట్లాడుకోకపోతే, తర్వాత తలెత్తే వివాదమే వాటిని నిర్ణయిస్తుంది.

ఈ అవసరం ఎక్కడ పుట్టిందో తెలియాలంటే ఈమెయిల్ చరిత్రను కొంత తడమాలి. 1971లో రే టామ్లిన్సన్ ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు నెట్‌వర్క్ మీదుగా ఈమెయిల్ పంపే పద్ధతిని రూపొందించినప్పుడు వ్యక్తి పేరుకూ యంత్రం పేరుకూ మధ్య ‘ఎట్’ గుర్తును ఉంచాడు. 1982లో ఎస్‌ఎంటీపీ అనే ఉమ్మడి నియమావళి వెలువడడంతో ఏ సంస్థ సర్వర్ నుంచైనా మరే సంస్థ సర్వర్‌కైనా ఉత్తరం చేరే వీలు కలిగింది. ఈమెయిల్‌కు ఇప్పటికీ ఉన్న బలం ఈ సార్వజనీనతే. అయితే ఒక సరుకు రవాణా ఆలస్యమైందన్న విషయం మీద రెండు సంస్థల నుంచి పదిమంది ఉత్తరాలు రాసుకున్నప్పుడు, ఎవరికి ప్రతి వెళ్లింది, ఎవరికి వెళ్లలేదు, జతచేసిన పత్రాల్లో చివరిది ఏది అన్నవి తేల్చుకోవడమే పెద్ద పనిగా మారుతుంది. మధ్యలో చేరిన ఉద్యోగికి పూర్వాపరాలు తెలియవు. మానేసి వెళ్లిన ఉద్యోగి మెయిల్‌పెట్టెతో పాటు ఆ వ్యవహారంలోని సగం జ్ఞాపకం కూడా మూతపడుతుంది.

మెసేజింగ్ సేవలు ఈ లోపాలను సంస్థ లోపల చాలావరకు సరిదిద్దాయి. గ్లిచ్ అనే ఆన్‌లైన్ ఆటను తయారుచేస్తూ విఫలమైన టైనీ స్పెక్ అనే చిన్న కంపెనీ, ఆ ఆట కోసం తమ బృందం వాడుకున్న అంతర్గత సాధనాన్ని మెరుగుపరచి 2014లో స్లాక్ పేరుతో విడుదల చేసింది. దానికి పోటీగా 2016 నవంబరులో మైక్రోసాఫ్ట్ టీమ్స్‌ను ప్రకటించి మరుసటి ఏడాది అందుబాటులోకి తెచ్చింది. కానీ ఈ సేవలన్నీ ఒక సంస్థ తన వారి కోసం కట్టుకున్న ఆవరణలు; మొదట్లో ఈమెయిల్‌లా బయటి వారికి తలుపు తెరిచేవి కావు. అందువల్ల కొంతకాలం పాటు ఉద్యోగులు లోపల ఛానల్‌లో, బయట ఈమెయిల్‌లో, అత్యవసరమైతే వాట్సాప్‌లో మాట్లాడుకుంటూ ఒకే విషయాన్ని మూడు చోట్ల రాసుకున్నారు. స్లాక్ 2017లో రెండు సంస్థలను కలిపే ఛానళ్లను ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టి, 2020 జూన్‌లో వాటిని స్లాక్ కనెక్ట్ పేరుతో 20 సంస్థల వరకు, ఆ తర్వాత 250 సంస్థల వరకు విస్తరించింది. మైక్రోసాఫ్ట్ 2021లో ప్రకటించిన ఉమ్మడి ఛానళ్లు 2022లో వాడుకలోకి వచ్చాయి.

బయటి వ్యక్తిని లోపలికి తీసుకురావడానికి ప్రధానంగా మూడు దారులున్నాయి. వీటి మధ్య తేడా తెలియకుండా ఏదో ఒకటి ఎంచుకోవడం వల్లనే తర్వాతి చిక్కుల్లో ఎక్కువ భాగం పుడుతుంది. మొదటిది వ్యక్తికీ వ్యక్తికీ మధ్య నేరుగా సాగే సంభాషణ. ఇందులో ఛానల్ ఉండదు, ఇద్దరి మధ్య జరిగినది మూడో సహోద్యోగికి కనిపించదు. రెండోది అతిథి ఖాతా: ఆతిథ్యమిచ్చే సంస్థ తన ఉద్యోగుల జాబితాలోనే బయటి వ్యక్తి పేరిట ఒక పరిమిత ఖాతాను సృష్టిస్తుంది, అతడు తన సంస్థ ఆవరణలోంచి బయటికొచ్చి ఆ రెండో ఆవరణలోకి మారి పని చేయాలి. మూడోది అసలైన ఉమ్మడి ఛానల్. ఇందులో అతడికి కొత్త ఖాతా ఏదీ పుట్టదు, తన సంస్థ ఇచ్చిన గుర్తింపుతో తన తెర మీదే ఆ ఛానల్‌ను చూస్తాడు, దాన్ని దాటి అవతలి సంస్థలో మరేదీ అతడికి కనిపించదు.

అతిథి ఖాతాకూ ఉమ్మడి ఛానల్‌కూ మధ్య ఉన్న అసలు భేదం ఒక ఉద్యోగి తన సంస్థను విడిచి వెళ్లిన రోజున బయటపడుతుంది. రవాణా కంపెనీలో పనిచేసే వ్యక్తికి ఒక తయారీ సంస్థ అతిథి ఖాతా ఇచ్చిందనుకుంటే, అతడు ఉద్యోగం మానేసిన సంగతి ఆ తయారీ సంస్థకు ఎవరైనా చెప్పాలి. చెప్పకపోతే, మరే తనిఖీ లేనిచోట, ఆ ఖాతా నెలల తరబడి తెరిచే ఉండిపోవచ్చు. ఉమ్మడి ఛానల్‌లో అతడి గుర్తింపు అతడి సొంత సంస్థ చేతిలోనే ఉంటుంది కాబట్టి, ఆ సంస్థ ఖాతాను మూసిన క్షణాన ఛానల్ తలుపు కూడా మూసుకుంటుంది. దీనికి మరో పార్శ్వం ఉంది: అవతలి సంస్థ తన ఖాతాలను ఎంత జాగ్రత్తగా కాపాడుకుంటుందో, ఇవతలి సంస్థ భద్రత కూడా అంతే గట్టిగా ఉంటుంది. అందుకే టీమ్స్‌లో ఈ ఏర్పాటు మొదట మూసివేసి ఉంటుంది. రెండు సంస్థల అడ్మిన్లూ, అంటే ఆ సేవను నిర్వహించే అధికారులు, ఎవరి వైపు నుంచి వారు అవతలి సంస్థను పేరుపేరునా అనుమతించాలి. తమ వారు బయటికి వెళ్లవచ్చునా, వారి వారు లోపలికి రావచ్చునా, పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌లో చేసే రెండో ధ్రువీకరణను అవతలి సంస్థ చేయించి ఉంటే దాన్ని నమ్మవచ్చునా అన్నవి అక్కడ వేర్వేరు ప్రశ్నలు. స్లాక్‌లో ఆహ్వాన లింకు ద్వారా పని మొదలవుతుంది గానీ అక్కడ కూడా ఇరువైపులా అడ్మిన్ల ఆమోదాన్ని తప్పనిసరి చేసుకునే వీలుంది. మూడు నిమిషాల్లో పని జరగాలన్న తొందరలో ఈ ఆమోదాన్ని ఎత్తివేయడం మంచిది కాదు. ఆ ఆలస్యం వల్ల పోయేది ఒక పూట, అది లేకపోవడం వల్ల తెలియకుండా తెరుచుకునే తలుపులు ఎన్నో.

తెలుగు ప్రాంతాల చిన్న, మధ్యతరహా వ్యాపారాలు ఈ అవసరాన్ని ఎక్కువగా వాట్సాప్ గ్రూపులతో తీర్చుకుంటున్నాయి. డీలర్లు, రవాణా వారు, గోదాము వారు, కంపెనీ ప్రతినిధి అంతా ఒక గ్రూపులో ఉండి, సరుకు బయలుదేరిందన్న ఫొటో నుంచి బకాయి లెక్క వరకు అందులోనే నడిపిస్తారు. శిక్షణ అవసరం లేదు, ఖర్చు లేదు, అందరి ఫోన్లలోనూ ఉంది. ఆ సౌలభ్యాన్ని తక్కువ చేసి చూడకూడదు. కానీ అక్కడ గుర్తింపు సంస్థది కాదు, వ్యక్తి ఫోన్ నంబరుది. ఉద్యోగి మానేస్తే అతడిని గ్రూపులోంచి తీసేయవచ్చు గానీ, అప్పటివరకు సాగిన సంభాషణ, ధరల పట్టికలు, కస్టమర్ల వివరాలు అతడి ఫోన్‌లోనే ఉండిపోతాయి. అతడి స్థానంలో వచ్చిన కొత్త ఉద్యోగికి మాత్రం పాత సంభాషణ దాదాపుగా శూన్యం. సంస్థకు చెందాల్సిన జ్ఞాపకం వెళ్లిపోయిన వారి దగ్గర, దాని అవసరం లేని చోట మిగలడం ఈ పద్ధతిలోని పెద్ద లోపం.

ఉమ్మడి ఛానల్‌ను తెరిచేటప్పుడు మొదట తేల్చుకోవలసింది దాని ప్రయోజనం. ‘అవతలి కంపెనీతో మాట్లాడడానికి’ అన్నది ప్రయోజనం కాదు; ‘ఫలానా ఆర్డరు సరఫరా, నాణ్యత తనిఖీ, ఫిర్యాదులు’ అన్నది ప్రయోజనం. అది స్పష్టంగా ఉంటే ఎవరు సభ్యులు కావాలో, ఏ పత్రాలు అక్కడికి రావచ్చో, ఛానల్‌ను ఎప్పుడు మూయాలో దానంతట అదే తేలుతుంది. బయటివారు ఉన్న ఛానల్ అని పేరులోనే తెలిసేలా, ముందు ‘బయటి’ అనే అర్థం వచ్చే ఒక గుర్తును, ఆ వెనుక భాగస్వామి పేరును, పని పేరును చేర్చడం చాలా సంస్థల ఆనవాయితీ. సేవలు తమంతట తాము ఇలాంటి ఛానళ్ల మీద గుర్తు వేసినప్పటికీ, హడావుడిలో టైపు చేసే మనిషి కళ్లు ముందుగా పేరునే చూస్తాయి. ప్రతి వైపు నుంచి ఒక బాధ్యుడిని పేరుతో సహా నియమించాలి: ఎవరిని చేర్చాలన్నా, తీసేయాలన్నా, అవతలి నుంచి సమాధానం రాకపోయినా అడగవలసిన మనిషి అతడే. స్లాక్‌లో ఆహ్వానం అందుకున్న సంస్థ వారు సందేశాలు రాయడానికే పరిమితమా, తమ వారిని స్వయంగా చేర్చుకోవచ్చా అన్నది ఆహ్వానించేవారే నిర్ణయించవచ్చు. రెండో అనుమతి ఇవ్వడం సౌకర్యమే గానీ ఆరు నెలల తర్వాత ఆ గదిలో ఎవరున్నారో ఎవరికీ తెలియని స్థితి ఎక్కువగా దాని వల్లే వస్తుంది.

ఉమ్మడి ఛానల్‌కు జంటగా, బయటివారు లేని ఒక అంతర్గత ఛానల్‌ను కూడా అదే రోజు తెరవడం అనుభవం ఉన్న సంస్థలు పాటించే మెలకువ. ధర ఎంతవరకు తగ్గించవచ్చు, తప్పు ఎవరి వైపు జరిగింది, అవతలివారి అభ్యంతరానికి ఏమని జవాబివ్వాలి అన్న చర్చ జరగడానికి ఒక చోటు లేకపోతే అది తప్పకుండా ఉమ్మడి ఛానల్‌లోకే జారుతుంది. అయితే రెండు ఛానళ్లు తెర మీద పక్కపక్కనే ఉండడంలోనూ ప్రమాదం లేకపోలేదు. లోపలి మాటను బయటి ఛానల్‌లో పొరపాటున రాసి, వెంటనే తుడిచేసినా, అప్పటికే అవతలివారి ఫోన్‌లో ఆ వాక్యం నోటిఫికేషన్‌గా మెరిసి ఉంటుంది. దీనికి సాంకేతిక పరిష్కారం పరిమితం. రెండింటి పేర్లు మొదటి అక్షరం నుంచే వేరుగా ఉంచడం, మనసు కలత చెందినప్పుడు ఉమ్మడి ఛానల్‌లో రాయకపోవడం అనే మనుషుల జాగ్రత్తలే మిగులుతాయి.

జవాబు వేళల గురించి ముందుగా మాట్లాడుకోవడం చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, ఉద్యోగుల జీవితం మీద అన్నిటికంటే ఎక్కువ ప్రభావం చూపేది అదే. హైదరాబాదులో పనిచేసే సాఫ్ట్‌వేర్ బృందానికీ న్యూయార్కులోని క్లయింటుకూ మధ్య వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, శీతకాలంలో పదిన్నర గంటలు తేడా ఉంటుంది. అక్కడ ఉదయం పదింటికి రాసిన ప్రశ్న ఇక్కడ రాత్రి భోజనాల వేళకు చేరుతుంది. ఈమెయిల్‌కు మర్నాడు జవాబివ్వడాన్ని ఎవరూ తప్పు పట్టరు గానీ ఛానల్‌లో పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతుంటే వెంటనే పలకాలన్న ఒత్తిడి వస్తుంది. ఏ వేళల్లో జవాబు ఆశించవచ్చు, ఎంత గడువులో ఆశించవచ్చు, సర్వర్ ఆగిపోవడం వంటి నిజమైన అత్యవసరానికి ఎవరికి ఫోన్ చేయాలి అన్న మూడు మాటలను ఛానల్ పైభాగంలో స్థిరంగా రాసి ఉంచితే, చెప్పలేని ఆ ఒత్తిడి చాలావరకు తగ్గుతుంది. పెద్ద క్లయింటు ముందు ఇలాంటి మాట ఎత్తడానికి చిన్న సంస్థలు జంకుతాయి. ఆ జంకును మోసేది చివరికి రాత్రిపూట ఫోన్ పక్కన పెట్టుకుని పడుకునే ఉద్యోగే.

ఉమ్మడి ఛానల్‌లో అసలైన చిక్కు రికార్డుల దగ్గర వస్తుంది. రెండు ఇళ్ల మధ్య కట్టుకున్న ఉమ్మడి గోడకు ఎవరి వైపు వారు సున్నం వేసుకున్నట్టు ఈ ఛానల్‌కు కూడా ఎవరి నియమాలు వారికి ఉంటాయి: ఒక సంస్థ సందేశాలను 90 రోజుల తర్వాత తుడిచేయవచ్చు, మరో సంస్థ చట్టరీత్యా ఏళ్ల తరబడి భద్రపరచవలసి ఉండవచ్చు. టీమ్స్‌లో ఉమ్మడి ఛానల్ సందేశాలూ ఫైళ్లూ ఆతిథ్యమిచ్చే సంస్థ దగ్గరే నిల్వ ఉంటాయి, దాని విధానాలే వాటికి వర్తిస్తాయి. అంటే అతిథి సంస్థ తన ఉద్యోగులు రాసిన మాటలను సైతం తన అధీనంలో ఉంచుకోలేకపోవచ్చు. ఏ సేవలోనైనా గుర్తుంచుకోవలసింది ఒక్కటే: ఒక వైపు తుడిచినంత మాత్రాన అది రెండో వైపు కూడా పోయిందని భరోసా లేదు. కాబట్టి ముఖ్యమైన నిర్ణయాలను, అంగీకరించిన ధరలను, మారిన గడువులను ఛానల్‌కే వదిలేయకుండా ఎవరి దస్త్రాల్లో వారు విడిగా నమోదు చేసుకోవడం అవసరం.

ఛానల్‌లో ‘సరే’ అని రాయడం ఒప్పందమవుతుందా అన్న ప్రశ్నకు చాలామంది ఊహించే దానికంటే గట్టి సమాధానం న్యాయస్థానాల నుంచి వచ్చింది. ట్రైమెక్స్ ఇంటర్నేషనల్, వేదాంత అల్యూమినియం సంస్థల మధ్య బాక్సైట్ సరఫరా వ్యవహారంలో, సంతకాలతో కూడిన లాంఛనమైన ఒప్పంద పత్రం తయారు కాకపోయినా, ఈమెయిళ్లలో సాగిన ప్రతిపాదన, అంగీకారాలతోనే ఒప్పందం పూర్తయిందని భారత సుప్రీంకోర్టు 2010లో తేల్చింది. కెనడాలోని సస్కచెవాన్ రాష్ట్రంలో ఒక ధాన్యం కొనుగోలు సంస్థ అవిసె గింజల ఒప్పందం ఫొటోను ఫోన్‌కు పంపి ధ్రువీకరించమని కోరితే, రైతు బొటనవేలు పైకెత్తిన బొమ్మను జవాబుగా పంపాడు. సరుకు అందకపోవడంతో వ్యవహారం కోర్టుకెక్కగా, ఆ బొమ్మ అంగీకారంతో సమానమని 2023లో తీర్పు వచ్చి 82,000 కెనడా డాలర్లకు పైగా పరిహారం చెల్లించవలసి వచ్చింది. తర్వాతి ఏడాది అక్కడి అప్పీలు కోర్టు కూడా ఆ తీర్పునే నిలబెట్టింది. ఉమ్మడి ఛానల్‌లో ఇలాంటి బొమ్మలు రోజుకు వందలు పడుతుంటాయి. ‘చూశాను’ అన్న అర్థంలో ఒకరు వేసినది ‘ఒప్పుకున్నాను’ అని మరొకరు చదివే వీలుంది. అందువల్ల ధర, పరిమాణం, గడువు, బాధ్యతల్లో మార్పులు ఫలానా అధికారి ఫలానా పద్ధతిలో రాసి ఇస్తేనే చెల్లుతాయని మూల ఒప్పందంలో ఒక నిబంధన చేర్చుకోవడం, ఉద్యోగులకు ఆ సంగతి తెలియజేయడం రెండూ కావాలి. వివాదం కోర్టుకు వెళ్తే ఈ సందేశాలు ఎలక్ట్రానిక్ సాక్ష్యంగా ప్రవేశపెట్టవలసి ఉంటుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం అలాంటి రికార్డుకు నిర్ణీత ధ్రువపత్రం జతచేయాలి. తెర ఫొటో తీసి పెట్టుకుంటే చాలుననుకోవడం పొరపాటు.

ఆర్థిక రంగంలో నియమం మరింత కఠినం. అమెరికాలో సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ 2022 సెప్టెంబరులో 16 ఆర్థిక సంస్థల మీద మొత్తం 110 కోట్ల డాలర్లకు పైగా జరిమానాలు విధించింది. సిబ్బంది వ్యాపార సంభాషణలను సొంత ఫోన్లలోని మెసేజింగ్ యాప్‌లలో నడిపారు, ఆ సంస్థలు వాటిని భద్రపరచలేదు అన్నదే అభియోగం. ఇలాంటి రంగాల్లో సంస్థ అధీనంలోని ఉమ్మడి ఛానల్ ఒక రక్షణ. భారత్‌లో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, సంస్థ సేకరించిన వ్యక్తుల వివరాలను దాని తరఫున మరో సంస్థ వాడితే వాటి బాధ్యత మొదటి సంస్థదే అంటుంది, తగిన భద్రతా చర్యలు తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానాకు వీలు కల్పిస్తుంది. కస్టమర్ల ఫోన్ నంబర్ల పట్టికను ‘త్వరగా చూడండి’ అంటూ ఛానల్‌లో వేసే అలవాటును ఈ వెలుగులో చూడాలి.

ఇద్దరి మధ్య ఛానల్ కంటే పలు సంస్థలు కలిసే ఛానల్ ఎక్కువ జాగ్రత్త కోరుతుంది. ఒక కొనుగోలుదారు తన సరఫరాదారులందరినీ ఒకే చోట చేర్చితే పని తేలికవుతుందని అనుకోవచ్చు గానీ, వారిలో కొందరు ఒకరికొకరు పోటీదారులు; ధరలు, సామర్థ్యం, వచ్చే నెల ఉత్పత్తి వంటి వివరాలు వారి మధ్య చేరితే వాణిజ్య రహస్యం పోవడమే కాక, పోటీదారులు ధరల మీద కూడబలుక్కోవడాన్ని నిషేధించే 2002 నాటి కాంపిటీషన్ చట్టం కింద ప్రశ్నలు తలెత్తే ప్రమాదమూ ఉంది. పండుగ సెలవులు, గోదాము వేళల వంటి ప్రకటనలకు ఉమ్మడి వేదిక, లావాదేవీలకు భాగస్వామికి ఒకటి చొప్పున విడి ఛానల్ అన్నది పాటించదగ్గ విభజన.

మోసగాళ్లు కూడా ఈ తలుపుల కోసమే వెదుకుతారు. 2023 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ వెల్లడించిన ఉదంతంలో, మిడ్‌నైట్ బ్లిజర్డ్ అని ఆ కంపెనీ పేరుపెట్టిన రష్యన్ బృందం, కొన్ని చిన్న వ్యాపారాల మైక్రోసాఫ్ట్ ఖాతాలను ముందుగా చేజిక్కించుకుని, వాటి ద్వారా సాంకేతిక సహాయ విభాగంలా కనిపించే పేర్లను సృష్టించి, ఇతర సంస్థల ఉద్యోగులకు టీమ్స్‌లో సందేశాలు పంపింది. ఫోన్‌లోని ధ్రువీకరణ యాప్‌లో ఒక సంఖ్య నొక్కమని ఒప్పించడమే దాని ఎత్తుగడ. ఇందులో మొదట నష్టపోయినవి చిన్న వ్యాపారాలు కావడం గమనించదగ్గది. తమ దగ్గర దోచుకోవడానికి ఏముందని అనుకునే చిన్న సరఫరాదారు, పెద్ద సంస్థలోకి వెళ్లే దారిగా దొంగకు పనికొస్తాడు. అందుకే బయటినుంచి ఎవరైనా సందేశం పంపగల ఏర్పాటును మూసి, పేరుపేరునా ఆమోదించిన భాగస్వాములకే పరిమితం చేయడం, బ్యాంకు ఖాతా మారిందన్న సందేశం ఛానల్‌లో ఎంత పరిచితమైన పేరు నుంచి వచ్చినా పాత నంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకోవడం తప్పనిసరి.

ఈ సేవలు ఒకదానితో ఒకటి కలవకపోవడం మరో పరిమితి: స్లాక్ వాడే సంస్థ, టీమ్స్ వాడే భాగస్వామితో నేరుగా ఉమ్మడి ఛానల్ తెరవలేదు, మధ్యలో వంతెన వంటి మూడో సేవను కొనాలి లేదా ఇద్దరిలో ఒకరు రెండో సేవ కూడా నేర్చుకోవాలి. ఈమెయిల్‌లా అందరికీ తెరిచి ఉండే మెసేజింగ్ నియమావళిగా మ్యాట్రిక్స్ 2014 నుంచి అభివృద్ధి చెందుతోంది. ఫ్రాన్స్ ప్రభుత్వం తన ఉద్యోగుల కోసం రూపొందించిన చాప్ అనే సేవ దాని మీదే నడుస్తోంది. వ్యాపార ప్రపంచంలో అది ఇంకా విస్తృతంగా వేళ్లూనుకోలేదు.

ఛానల్‌ను తెరిచే రోజు మీద ఉండే శ్రద్ధ మూసే రోజు మీద సాధారణంగా ఉండదు. ప్రాజెక్టు ముగిశాక కూడా ఛానల్ మౌనంగా తెరిచే ఉండి, పాత సభ్యులు, పాత ఫైళ్లు, పనికిరాని అనుమతులు అలాగే మిగిలిపోవడం సంస్థల్లో సర్వసాధారణం. మూడు నెలలకొకసారి ఇరువైపుల బాధ్యులు సభ్యుల జాబితాను చదివి అవసరం తీరినవారిని తీసేయడం, పని ముగిసినప్పుడు చివరి లెక్కలు, అప్పగించిన పత్రాలు, మిగిలిన ఫిర్యాదులను ఒక సందేశంలో రాసి ఇద్దరూ ధ్రువీకరించడం, ఎవరి దగ్గర ఏ ప్రతి ఎంతకాలం ఉంటుందో అందులోనే పేర్కొనడం, ఆ తర్వాత అనుబంధ యాప్‌లను తొలగించి, అనుసంధానాన్ని తెంచి, అడ్మిన్ జాబితాలో ఆ భాగస్వామికి ఇచ్చిన అనుమతి మరే ఇతర ఛానల్‌కూ అవసరం లేకపోతే దాన్ని కూడా వెనక్కి తీసుకోవడం ఈ క్రమంలో జరగాలి. చివరి అంశమే ఎక్కువగా మరపున పడుతుంది, ఎందుకంటే ఛానల్ తెర మీద కనిపించకుండా పోయినా ఆ అనుమతి అడ్మిన్ పట్టికలో ఎవరూ చూడని ఒక వరుసగా కొనసాగుతూనే ఉంటుంది.